ఏడో నంబరు మార్పు

పోయినవారం మనం మా ఇంటి గుమ్మంలో ఆగాం. చుట్టిన డ్రాయింగు చంకలో పెట్టుకుని నేను బయటికి వెళ్ళబోతుంటే, రెండు చేతులూ గుమ్మానికి ఆనించి మా ఆయన అడ్డంగా నిలబడ్డారు. ఆ షీటు జోలికి వెళ్ళొద్దని ఆయన, వెళ్ళితీరుతానని నేను. ఇప్పుడే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి మిగతాది రెండు ముక్కల్లో చెబుతాను. మా ఆయన ఆర్కిటెక్టు. ఆయన ఆఫీసులోనే ఇరవై రెండేళ్లుగా నేను డ్రాయింగులు గీస్తున్నాను. ఆయన డిజైన్ చేసిన ఆరంతస్తుల ఆఫీసు భవనంలో మా తమ్ముడు మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. గోడల నిండా మొక్కలున్నాయని ఆ భవనాన్ని అందరూ ఆకుమేడ అంటారు. ఆ ఆకుమేడ కిటికీలు తన చేత్తో తెరిచినందుకు ఆ రోజు పదకొండింటికి మా తమ్ముడి మీద విచారణ.

కిటికీ తెరవడం నేరమేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఆకుమేడలో కిటికీలు మనుషులు తెరవకూడదు, అవే తెరుచుకోవాలి. అందుకని అంతస్తుకొకటి చొప్పున అరచేయంత తెల్ల డబ్బాలు పెట్టారు. గదిలో మనుషులు వదిలిన ఊపిరి పేరుకుపోతే ఆ డబ్బా పసిగట్టి మోటారుకు చెబుతుంది, మోటారు కిటికీ తెరుస్తుంది, ఏసీ దానంతటదే తగ్గుతుంది. కరెంటు ఆదా, గాలి శుభ్రం, భూమికి మేలు. మా తమ్ముడు ఆ డబ్బాకి ముక్కు అని పేరు పెట్టాడు. ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజర్ల దాకా ఇప్పుడందరూ అదే పేరుతో పిలుస్తారు.

ఆ ముక్కులు ఏడాదిగా ఒక్కసారి కూడా గాలి బాగాలేదని చెప్పలేదు. మూడో అంతస్తు హాల్లో మాత్రం మధ్యాహ్నం రెండయ్యేసరికి తలలు వాలిపోయేవి. కణతలు నొక్కుకుంటూ, కళ్ళు నులుముకుంటూ, రాసిందే మళ్ళీ రాసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఒకనాడు కడుపుతో ఉన్న అమ్మాయి కుర్చీలోంచి జారి కింద పడిపోయింది. మర్నాటి నుంచి మా తమ్ముడు రోజూ రెండింటికి మోటారు గొలుసులు ఊడదీసి కిటికీలు తెరిచాడు, నాలుగింటికి మూశాడు. చేత్తో తెరిస్తే ఆ సంగతి ఏసీకి తెలియదు, అది తన మానాన తిరుగుతూనే ఉంటుంది. అలా మూడు నెలల్లో కరెంటు వాడకం పద్దెనిమిది శాతం పెరిగింది. పర్యావరణ భవనంగా రావలసిన మొదటి గ్రేడు పోయి రెండో గ్రేడు వచ్చేలా ఉందని పరీక్షకులు ఉత్తరం రాశారు. మొదటి గ్రేడు అని చెక్కించిన ఇత్తడి పలక అప్పటికే గేటు పక్కన బిగించుకున్నారు కంపెనీ వాళ్ళు. పలక ఊడదీయాలంటే సిగ్గు, అందుకని మనిషిని ఊడదీయాలనుకున్నారు.

ఉత్త ఉద్యోగమే పోతే ఇంత గుండె కొట్టుకునేది కాదు నాకు. కావాలని చెడగొట్టాడని తేలితే లైసెన్సు కూడా తీసేసుకుంటారు. తరవాత మా వాణ్ణి ఏ భవనం వాళ్ళూ గేటు దాటి లోపలికి రానివ్వరు. నలభై నాలుగేళ్ళ వయసులో, ఇద్దరు బడిపిల్లల్ని పెట్టుకుని, వాడు కొత్తగా ఏ పని నేర్చుకుంటాడు? రెండు రోజులుగా మా మరదలి గొంతులోకి ముద్ద దిగడం లేదు.

పోయినవారం నేను కనిపెట్టింది ఇదీ. ఆ ముక్కులు మొదట గీసిన చోటు అది కాదు. నా మొదటి డ్రాయింగులో అవి హాలు మధ్యలో, మనుషులు కూర్చునే చోట, మట్టి ఇటుకల గోడ మీద ఉన్నాయి. ఆ గోడంటే మా ఆయనకి ప్రాణం. పూత లేకుండా, రంగు లేకుండా, వచ్చినవాళ్ళందరూ చేత్తో నిమిరి చూసే గోడ. ప్రారంభానికి ముందు పత్రికల వాళ్ళు ఫొటోలకి వస్తున్నారనగా, ఆ గోడ మీద తెల్ల ప్లాస్టిక్ డబ్బా మొహం మీద పులిపిరిలా ఉందని ఆయనకి అనిపించింది. ఆరింటినీ లిఫ్టు పక్క వరండాలోకి, మొక్కల మధ్యకి మార్చమన్నారు. నేను మార్చాను. అక్కడ ఎవరూ కూర్చోరు, గాలి ఎప్పుడూ కడిగినట్టుంటుంది. లోపల జనం ఉక్కిరిబిక్కిరవుతుంటే, వరండాలో మొక్కల మధ్య కూర్చున్న ముక్కుకి ఏం తెలుస్తుంది?

డ్రాయింగులో ఏ మార్పు చేసినా, ఆ చోటు చుట్టూ మబ్బులాంటి గీత గీసి నంబరు వెయ్యడం మా వృత్తిలో పద్ధతి. ఇది ఏడో నంబరు మార్పు. భోజనాల బల్ల మీద కాగితం పరుచుకుని ఆ మబ్బు గీసింది నేనే. ఎందుకు జరుపుతున్నామని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఆయన చెప్పారు, నేను గీశాను. ఇరవై రెండేళ్ల అలవాటు. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. నేను ఏమన్నానో అంతా రాయను, ఇరుగుపొరుగు చదువుతారు. నీ గోడ అందం కోసం నా తమ్ముణ్ణి బలిపెడతావా అని మాత్రం అడిగాను. పెళ్ళయిన ఇన్నేళ్లలో ఆయన్ని నువ్వు అని పిలవడం అదే మొదలు. ఆయన కోపం తెచ్చుకోలేదు, అదే నాకు వింతగా తోచింది. గుమ్మం మీద నుంచి చేతులు తీసేసి మెల్లిగా అన్నారు.

"వెళ్ళు. కానీ ఆ కాగితం బయటపెట్టాక నన్ను తిట్టుకోకు. నీకు సగమే తెలుసు."

తప్పు చేసినవాళ్ళందరూ అనే మాటే కదా అది. వినీ విననట్టు చెప్పులు వేసుకుని బయటపడ్డాను. ఆయనా, మా అమ్మాయీ కారులో వెళ్ళారు. ఆయన పక్కన కూర్చోవడానికి మనసొప్పక నేను బస్సెక్కాను.

ఆకుమేడలో అడుగుపెట్టగానే ఎవరికైనా ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, అబద్ధమెందుకు ఆడాలి. రెండంతస్తుల ఎత్తున పచ్చటి గోడ, సన్నగా నీళ్ళు కారుతున్న చప్పుడు, వాననీళ్ళు పట్టే తొట్టెలు, పైకప్పు నుంచి పడే మెత్తటి వెలుతురు. పగటిపూట అక్కడ దీపం వెయ్యనక్కరలేదు. ఇంత తెలిసిన మనిషి, ఎండ ఏ నెలలో ఏ కిటికీలోకి ఎంత దూరం వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి, ఒక డబ్బా దగ్గర ఇలా ఎలా కక్కుర్తి పడ్డాడా అని కడుపు మండిపోయింది నాకు. బుద్ధి లేనివాడైతే పోనీలే అనుకుందును.

మా తమ్ముడు మూడో అంతస్తులో, మీటింగు గది బయట బెంచీ మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ, అలవాటు కొద్దీ వెనక జేబులో తుడుచుకునే గుడ్డ పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నోట్లో నాలుక లేని మనిషి వాడు. క్షమాపణ ఉత్తరం రాసుకొచ్చానని చూపించాడు. చదివితే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక చేశాను, ఇకముందు చెయ్యను అని రాసుకున్నాడు. ఊపిరాడని వాళ్ళకి కిటికీ తెరిచినందుకు క్షమాపణ. నాలుగు మడతలు పెట్టి ఆ ఉత్తరం నా సంచీలో వేసుకున్నాను.

ముక్కుల సంగతి అక్కడే వాడికి చెప్పాను. మొదట నమ్మలేదు. తన పరికరాలతో మూడుసార్లు పరీక్షించాడట, డబ్బాలు శుభ్రంగా పనిచేస్తున్నాయట. కొత్తవి కావాలని మూడుసార్లు కంపెనీకి రాశాడట కూడా. డబ్బా బాగానే ఉందిరా, పెట్టిన చోటే తగలడింది అన్నాను. వాడికి నవ్వొచ్చింది.

"ఏడాదిగా దాన్ని తిట్టిపోస్తున్నానక్కా. పాపం, దాని తప్పేం లేదన్నమాట."

నాకు నవ్వు రాలేదు.

గదిలో బల్లకి ఒక పక్క ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కంపెనీ పరిపాలన చూసే పెద్దావిడ. మేడమ్ అంటారందరూ. గొంతు పెంచని మనిషి, అందుకే ఆవిడంటే అందరికీ హడలు. ఒక పక్క లెక్కలు తెచ్చిన కరెంటు ఇంజనీరు. ఇంకో పక్క, భవనం డిజైన్ చేసినవారి హోదాలో, మా ఆయన. బావమరిది మీద విచారణకి తాను కూర్చోనని ఆయన ఒక్క మాట అనవచ్చు, అనలేదు. గది చివర తెర పక్కన లాప్‌టాప్ పెట్టుకుని మా అమ్మాయి. అడిగిన డ్రాయింగు తెర మీద చూపించడం దాని పని. రెండేళ్ళ క్రితం కాలేజీ అవగానే తండ్రి దగ్గర పనిలో చేరింది. వచ్చే నెలలో ఆర్కిటెక్టుగా దాని రిజిస్ట్రేషను, ఆ తరవాత సొంతంగా సంతకం పెట్టుకోవచ్చు. మామయ్యంటే దానికి ప్రాణం. ఆ రోజు మాత్రం మామయ్య లోపలికి వస్తే తలెత్తి చూడలేదు. తండ్రి పక్షం చేరిందని నాకు చురుక్కుమంది.

విచారణ నియమాల్లో ఒక సాక్షిని తెచ్చుకోవచ్చని ఉంది. ఆ సాక్షిని నేనే. ఇంజనీరు ఇరవై నిమిషాల పాటు అంకెలు చదివాడు. ఏ తేదీన ఏ కిటికీ ఎన్ని నిమిషాలు తెరిచి ఉందో, ఏసీ ఎంత తిందో, అన్నీ కంప్యూటరు రాసిపెట్టింది. ఆ హాల్లో మనుషులకి ఎంత తలనొప్పి వచ్చిందో మాత్రం ఏ కంప్యూటరూ రాసిపెట్టలేదు. ఇవన్నీ నువ్వు తెరిచినవేనా అని మేడమ్ అడిగితే మా వాడు అవునన్నాడు. చెప్పకుండా ఎందుకు తెరిచావంటే, చెబితే వద్దంటారని అన్నాడు. నేను టేబులు కింద వాడి కాలు తొక్కాను, ఆలస్యమైపోయింది.

ఇక ఆగలేకపోయాను. లేచి నా డ్రాయింగు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాను. పాత చోటు చూపించాను, కొత్త చోటు చూపించాను. మబ్బు చూపించాను. భయపడకుండా, తడబడకుండా చెప్పాను. ఊపిరి కొలిచే డబ్బాని ఊపిరి లేని చోట పెట్టారు, అందుకే కిటికీలు తెరుచుకోలేదు, అవి చెయ్యాల్సిన పనే మా తమ్ముడు చేత్తో చేశాడు. ముక్కులు హాల్లో ఉండుంటే గొలుసు ఊడదీసే అవసరమే వచ్చేది కాదు, ఏసీ దానంతటదే తగ్గేది, మీ గ్రేడు మీకు దక్కేది. ఆ కాగితం గీసింది నేను. గీసినవారి గడిలో నా పొడి అక్షరాలున్నాయి చూసుకోండి అన్నాను.

ఇంజనీరు లేచి తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. లిఫ్టు పక్క డబ్బాలో అంకె చూసి, చేతిలో మీటరుతో హాల్లో ఒక చుట్టు తిరిగి వచ్చాడు. వరండాలో నాలుగొందల ఇరవై, హాల్లో పదహారొందలు అన్నాడు. వెయ్యి దాటితే కిటికీలు తెరుచుకోవాలి. ఆ మనిషి మొహంలో మొదటిసారి సిగ్గు కనిపించింది. నా ప్రాణం కుదుటపడింది. గెలిచామనే అనుకున్నాను. తమ్ముడి వైపు చూస్తే వాడు వెనక జేబులో గుడ్డ తీసి మొహం తుడుచుకుంటున్నాడు.

మేడమ్ మా ఆయన వైపు తిరిగింది. ఆ మార్పు ఎవరిదని అడిగింది. ఆయన నీళ్ళు నములుతారనుకున్నాను. నమలలేదు.

"నాదే. గోడ బాగుండాలని చేశాను. బాధ్యత మొత్తం నాది. ఇక ఈ విచారణ అవసరం లేదనుకుంటాను."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపం సగం దిగిపోయింది. పొద్దున గుమ్మంలో నువ్వు అన్నందుకు మనసులోనే లెంపలు వేసుకున్నాను కూడా. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి. ఇన్నేళ్లు కాపురం చేసి, ఆ మనిషి తొందరపడుతున్నారని నాకు తెలియలేదు. ఎన్నడూ తప్పు ఒప్పుకోని మనిషి అంత సులువుగా ఒప్పుకుంటే, ఇంకేదో దాస్తున్నారని అర్థం చేసుకోవద్దూ?

అర్థం చేసుకున్నది మేడమ్. విచారణ ముగించేది తాను అని నెమ్మదిగా గుర్తుచేసింది. డిజైన్ చేసిన వాళ్ళు ఏమైనా మార్చవచ్చు, కానీ ఆ మార్పు సైటులో సరిపోతుందో లేదో చూసి సంతకం పెట్టేవాళ్ళు వేరే ఉంటారు కదా అంది. ఉంటారు. అది మా పద్ధతిలో నాలుగో గడి. గీసినవారు, చూసినవారు, ఆమోదించినవారు, ఆఖర్న సైటులో సరిచూసినవారు. రేపు ఆ భవనాన్ని నడపబోయే మనిషి స్వయంగా చూసి, ఇది ఇక్కడ పనిచేస్తుంది అని ఆ గడిలో సంతకం పెడితేనే మార్పు అమలవుతుంది. నా దగ్గరున్నది ఇంట్లో ఉంచుకున్న కాపీ, సైటుకి వెళ్ళకముందుది. నాలుగో గడి ఖాళీ. సంతకాలున్న కాపీ కంపెనీ ఫైల్లో ఉండాలి.

పాత కాగితాలు తవ్వడం దేనికని మా ఆయన అన్నారు. అన్నది ఒకసారి కాదు, మూడుసార్లు. మేడమ్ వినిపించుకోకుండా ఫైలు గదికి ఫోను చేసింది. రెండు నిమిషాల్లో కాపీ మా అమ్మాయి లాప్‌టాప్‌లోకి వచ్చింది.

తెర మీద షీటు కనిపించింది. నా గీతలు, నా మబ్బు, కింద కుడి మూల నాలుగు గళ్ళు. అంత దూరం నుంచి నాలుగో గడిలో ఏదో సంతకం ఉందని మాత్రమే తెలుస్తోంది. పెద్దది చెయ్యమ్మా అంది మేడమ్. మా అమ్మాయి చెయ్యి మౌసు మీదే ఉంది గానీ కదల్లేదు. మేడమ్ మళ్ళీ అడిగింది. ఇంజనీరే లేచి వెళ్ళి, చెయ్యి చాచి, తానే పెద్దది చేశాడు.

మా తమ్ముడి సంతకం.

నాకు తల కొట్టేసినట్టయింది. వాణ్ణి గట్టెక్కిద్దామని చంకలో పెట్టుకుని తెచ్చిన కాగితం వాడి పీకకే చుట్టుకుంది. మేడమ్ గొంతు పెంచకుండానే చెప్పుకుంటూ పోయింది. అయితే ముక్కులు ఎక్కడ పెట్టారో నీకు ముందే తెలుసు. బాగానే పనిచేస్తాయని నువ్వే సంతకం చేశావు. పనిచెయ్యవని తెలిశాక ఆ సంగతి దాచి, డబ్బాలే పాడయ్యాయని మాకు మూడు ఉత్తరాలు రాశావు. ఇప్పుడు మీ అక్కగారి చేత ఈ కాగితం తెప్పించి, నెపం మీ బావగారి మీదికి నెట్టాలని చూస్తున్నావు. ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన పని అంది. ఒక్కొక్క మాటా నాకు చెంపదెబ్బలా తగిలింది. తప్పెక్కడుందని వెతికితే ఆ మాటల్లో తప్పు దొరకలేదు.

మా వాడు కుర్చీలోంచి లేచాడు. నేను ఇది ఎప్పుడూ చూడలేదండీ అన్నాడు. అబద్ధం చెప్పడం వాడికి చేతకాదు, చెప్పినా చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రబడలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తానని అడిగి తెర ముందుకి వెళ్ళాడు. అప్పుడే నా చూపు సంతకం కింద తేదీ మీద పడింది.

ఆ తేదీ నేను మర్చిపోయేది కాదు. ప్రారంభానికి మూడు నెలల ముందు వాడికి అపెండిక్స్ పగిలి ఆపరేషను చేశారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మరదలికి ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారని పగలంతా నేనే కనిపెట్టుకుని కూర్చున్నాను. అది ఆ తొమ్మిది రోజుల్లో నాలుగోది. ఆ రోజు వాడికి మంచం మీద లేచి కూర్చునే ఓపికే లేదు, ఇక సైటుకి వెళ్ళి సంతకం పెట్టడమా. తేదీ చూడగానే వాడి చెయ్యి దానంతటదే పొట్ట కుడివైపుకి పోవడం నేను చూశాను. వాడికీ అర్థమైంది.

మరి పెట్టిందెవరు? మా ఆయన చెయ్యి కాదు, ఆయన రాత వేరు. నేను కళ్ళు చిట్లించి చూశాను. మా తమ్ముడు బడిపిల్లాడిలా అక్షరం అక్షరం విడదీసి సంతకం పెడతాడు. ఇదీ అలాగే ఉంది. కానీ చివరి అక్షరం తోక కిందికి లాగి, సన్నగా పైకి తిప్పి ఉంది. ఆ మెలిక వాడు జన్మలో వెయ్యలేదు. ఎవరు వేస్తారో నాకు తెలుసు. దాని మొదటి పలక దగ్గర్నుంచి, ఆ తోక తిప్పకే అని నేను కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను.

రోజూ సైటుకి షీట్లు తీసుకెళ్ళి సంతకాలు పెట్టించుకురావడం కొత్తలో మా అమ్మాయి పని. మర్నాడే ఫొటోల వాళ్ళు వస్తున్నారు. ఎలాగైనా సరే సంతకంతో రా అని తండ్రి అని ఉంటారు. మామయ్య ఆసుపత్రిలో ఉన్నాడు కదా అని అది అని ఉండదు, తండ్రి దగ్గర అడ్డం చెప్పడం మా ఇంట్లో ఆడవాళ్ళకి అలవాటు లేదు కదా, దానికి నేర్పింది నేనే. మామయ్యదే కదా, ఏమంటాడులే అనుకుని పెట్టేసి ఉంటుంది. ఇరవై మూడేళ్ళు దానికప్పుడు. ఇది బయటపడితే వచ్చే నెల రిజిస్ట్రేషను మాట దేవుడెరుగు, దొంగ సంతకం కేసు. పొద్దున మా ఆయన దాచిన సగం ఇదీ.

మా తమ్ముడు తెర ముందు ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. ఒక నిమిషమే అయి ఉంటుంది. తరవాత మెల్లిగా పక్కకి తిరిగి మేనకోడల్ని చూశాడు. అది లాప్‌టాప్ వెనక తల దించుకుని ఉంది. కళ్ళ నీళ్ళు టపటపా దాని చేతుల మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. వాడు దాని మీది చూపు తీసి, బల్ల వైపు తిరిగాడు.

"నాదేనండీ. సంతకం నాదే. మర్చిపోయాను."

చెవులు ఎర్రగా కందిపోయాయి.

మా ఆయన కళ్ళు మూసుకున్నారు. సిగ్గుతో అనుకుంటారేమో, కాదు. గండం గడిచిన మనిషి వదిలే ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా తమ్ముడు తన బతుకు ముక్కలు చేసి బల్ల మీద పెడితే, ఆయనకి ఊపిరాడింది. నాలుగు గోడల్లో గాలి గురించి ఇన్నేళ్లు ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. ఆ మొహం చూస్తూ, ఇక ఈ మనిషితో ఒక ఇంట్లో ఎలా ఉండాలా అనుకున్నాను. మరుక్షణం, నేను మాత్రం ఏం చేస్తున్నాను, నోరు విప్పానా అనిపించింది.

మేడమ్ కలం తీసింది. కాగితం మీద రెండు లైన్లు రాసి ఆగింది. రాసింది రాసినట్టే వదిలేసి, తెర వైపు చూసింది, మా తమ్ముడి వైపు చూసింది, మా అమ్మాయి వంచిన తల వైపు చూసింది. ఆ తరవాత నా వైపు తిరిగింది.

"మీరు సాక్షిగా వచ్చారు కదమ్మా. సొంత అక్కగారు. ఈయన సంతకం మీకంటే బాగా ఇక్కడెవరికీ తెలియదు. చూసి చెప్పండి, ఇది మీ తమ్ముడిదేనా?"

మా అమ్మాయి తలెత్తి అమ్మా అనబోయింది. తమ్ముడు నా వైపే చూస్తూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చెప్పకపోతే నా తోడబుట్టినవాడి బతుకు, చెబితే నా కడుపున పుట్టినదాని బతుకు. అవతల హాల్లో ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు.

నేను లేచి నిలబడ్డాను.